నైరా పడిపోతే చదువు ఆగిపోతుందా? బ్రిటన్‌లో నైజీరియా విద్యార్థుల తిప్పలపై చర్చ

(స్టూడియో చర్చా కార్యక్రమం, పూర్తి పాఠం. పాల్గొన్నవారు: వీసా వ్యవహారాలు చూసే న్యాయవాది, ఒక బ్రిటన్ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల సలహాదారు, విదేశీ మారకంపై రాసే ఆర్థిక విశ్లేషకుడు.)

యాంకర్: నమస్కారం. విదేశీ చదువు అనగానే మన ఇళ్లలో మన పిల్లల సంగతే మాట్లాడుకుంటాం. కానీ బ్రిటన్‌లో ఏ ఎంఎస్‌సీ క్లాసుకి వెళ్లినా మన పిల్లల పక్కన నైజీరియా పిల్లలు కనిపిస్తారు. ఒకే వీసా, ఒకే రూల్సు. అయినా వాళ్లకు ఎక్కువ దెబ్బ తగులుతోంది. ఎందుకని? మేడమ్, వీసా దగ్గర నుంచే మొదలుపెడదాం.

న్యాయవాది: డబ్బు చూపించే దగ్గరే మొదలవుతుందండీ తేడా. ఫీజులో మిగిలిన బాకీకి తోడు ఖర్చుల కింద లండన్‌లో అయితే నెలకు 1,529 పౌండ్లు, లండన్ బయట 1,171 పౌండ్లు, గరిష్ఠంగా తొమ్మిది నెలలకు ఖాతాలో చూపాలి. 2025 నవంబరు నుంచి ఉన్న రేటు ఇది. అంటే లండన్ బయట చదివేవాడు ఖర్చులకే 10,539 పౌండ్లు చూపాలి. ఆ సొమ్ము వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. ఒక్క రోజు తగ్గినా చెల్లదు. స్టేట్‌మెంట్ చివరి తేదీకి, దరఖాస్తు తేదీకి మధ్య 31 రోజులు మించకూడదు.

యాంకర్: ఇది మన పిల్లలకూ ఉన్నదే కదా?

న్యాయవాది: ఉన్నదే. కాకపోతే మనవాళ్లలో చాలామంది బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ శాంక్షన్ లెటర్ పెడతారు. దానికి ఈ 28 రోజుల లెక్క లేదు. ఆరు నెలల్లోపు తేదీ ఉండి, ఇచ్చింది గుర్తింపు ఉన్న బ్యాంకు అయితే సరిపోతుంది. నైజీరియాలో విదేశీ చదువుకి అలా లోన్ ఇచ్చే పద్ధతి పెద్దగా లేదు. 2024లో వాళ్ల ప్రభుత్వం తెచ్చిన విద్యార్థి రుణ పథకం స్వదేశీ ప్రభుత్వ విద్యాసంస్థలకే. కాబట్టి నగదే చూపాలి. అదీ విద్యార్థి ఖాతాలో, లేదంటే తల్లిదండ్రుల ఖాతాలో. తల్లిదండ్రులదైతే బర్త్ సర్టిఫికెట్, వాళ్ల అంగీకార పత్రం జతచేయాలి. మేనమామ ఖాతా, అన్న ఖాతా పనికిరావు. నిజానికి చదివించేది అన్నయ్యో, మేనమామో అయినా సరే. ఈ ఇబ్బంది మన ఇళ్లలోనూ తెలిసిందే.

విశ్లేషకుడు: ఇక్కడే నైజీరియా కరెన్సీ నైరా సంగతి చెప్పాలి. ఖాతా నైరాల్లో ఉంటే, దరఖాస్తు పెట్టిన రోజు మారకం రేట్లు చూపే ఒయాండా వెబ్‌సైట్‌లో ఉన్న రేటు ప్రకారం వీసాలిచ్చే బ్రిటన్ హోం శాఖ, అంటే హోం ఆఫీస్, పౌండ్లలోకి మారుస్తుంది. మొదటి రోజు సరిగ్గా సరిపోయిన డబ్బు, నెల తిరిగేసరికి నైరా పడిపోతే చాలదు. ఒక్క నైరా తీయకపోయినా చాలదు! అందుకే సరిగ్గా లెక్కకు సరిపడా పెట్టడం తెలివితక్కువ పని. పదో పదిహేనో శాతం పైన ఉండాలి.

న్యాయవాది: లేదా పౌండ్ల ఖాతా, డాలర్ల ఖాతా తెరిచి అందులో ఉంచాలి. నైజీరియా బ్యాంకుల్లో ఆ సౌకర్యం ఉంది. ఇంకోటి, ఈ 28 రోజులకని వడ్డీకి డబ్బు తెచ్చి ఖాతాలో పోయించే ఏజెంట్లు ఉన్నారు. అది పట్టుబడితే, మోసం కింద లెక్కగడితే, పదేళ్ల నిషేధం పడొచ్చు. ఆ ముక్క ఏజెంటు ఎప్పుడూ చెప్పడు.

యాంకర్: సరే, వీసా వచ్చింది, దిగారు. అసలు కష్టం ఆ తర్వాతే అంటున్నారు కదా.

విశ్లేషకుడు: 2023 జూన్‌లో నైజీరియా కేంద్ర బ్యాంకు రకరకాల మారకం రేట్లను ఒకటి చేసి నైరాను మార్కెట్‌కు వదిలింది. అంతకుముందు అధికారిక రేటు డాలరుకు 460 నైరాల దగ్గర ఉండేది. 2024 ఫిబ్రవరికి 1,500 దగ్గరికి పోయింది. నాలుగు వేల పౌండ్ల ఒక ఇన్‌స్టాల్‌మెంట్‌ తీసుకోండి. పాత రేటులో సుమారు 23 లక్షల నైరాలు. కొత్త రేటులో 75 లక్షలు. తండ్రి జీతం నైరాల్లో, ఫీజు పౌండ్లలో. మొదటి వాయిదా కట్టి విమానం ఎక్కినవాళ్లు రెండో వాయిదా నాటికి చిక్కుకుపోయారు.

యాంకర్: అధికారిక రేటుకి బ్యాంకే డాలర్లు ఇవ్వాలి కదా?

విశ్లేషకుడు: ఫామ్ ఎ అని ఉంటుంది. అడ్మిషన్ లెటర్, ఫీజు ఇన్వాయిస్, పాస్‌పోర్టు పెట్టి బ్యాంకులో దరఖాస్తు చేస్తే డబ్బు నేరుగా యూనివర్సిటీ ఖాతాకే వెళుతుంది. డాలర్ల కొరత ఉన్న రోజుల్లో అది ఎన్ని వారాలకు కదులుతుందో చెప్పలేని పరిస్థితి. గడువు తరుముకొస్తుంటే బయట మార్కెట్లో ఎక్కువ రేటుకి కొనాల్సిందే. కార్డు గీకుదామంటే, 2022లో కొన్ని బ్యాంకులు నైరా కార్డుపై విదేశీ వాడకాన్ని నెలకు 20 డాలర్లకు కుదించాయి, తర్వాత పూర్తిగా ఆపేసినవీ ఉన్నాయి.

సలహాదారు: 2024 మేలో మిడిల్స్‌బరోలోని టీసైడ్ యూనివర్సిటీ ఫీజు బాకీపడ్డ నైజీరియా విద్యార్థులను కోర్సుల నుంచి తప్పించి, హోం ఆఫీసుకు తెలియజేసింది. క్యాంపస్‌లో నిరసనలు జరిగాయి. స్పాన్సర్‌షిప్ నిబంధనల ప్రకారం, అంటే విద్యార్థి వీసాకి పూచీపడ్డ సంస్థగా, తమకు వేరే దారి లేదన్నది యూనివర్సిటీ వాదన.

యాంకర్: వేరే దారి లేదా నిజంగా?

సలహాదారు: పేరు తీసేశాక లేదు. స్పాన్సర్ అయిన యూనివర్సిటీ పది పనిదినాల్లో హోం ఆఫీసుకు రిపోర్టు చేయాలి, ఆ తర్వాత వీసాని సాధారణంగా 60 రోజులకు కుదిస్తారు. కానీ పేరు తీసేయాలా, వాయిదా పొడిగించాలా అన్నది యూనివర్సిటీ చేతిలోనే ఉంది. నైరా మూడింట రెండు వంతులకు పైగా విలువ పోగొట్టుకున్న ఏడాదిలో కూడా పాత గడువులే పట్టుకు వేలాడటం నాకు సబబుగా అనిపించదు.

న్యాయవాది: ఫీజు రాకుండా ఎన్నాళ్లు ఆగుతారు సార్? ఆ యూనివర్సిటీలు నడిచేదే విదేశీ ఫీజుల మీద.

సలహాదారు: నడిచేది వాళ్ల మీదే అయినప్పుడు వాళ్ల కరెన్సీ సంగతి కూడా పట్టించుకోవాలి కదండీ. సరే, విద్యార్థి చేయాల్సింది చెబుతాను. వాయిదా తేదీ దాటాక కాదు, దాటుతుందని తెలిసిన రోజే ఫైనాన్స్ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టాలి. ఎంత కట్టగలడు, ఏ తేదీకి కట్టగలడు, ఫామ్ ఎ పెట్టిన రుజువు ఏమిటి, ఈ మూడూ అందులో ఉండాలి. కౌంటర్ దగ్గర నోటిమాటగా చెబితే రికార్డులో ఉండదు. స్టూడెంట్ యూనియన్‌లో ఉచితంగా సలహా ఇచ్చేవాళ్లుంటారు, వాళ్లకూ కాపీ పెట్టాలి.

యాంకర్: పార్ట్‌టైమ్ చేసుకుని ఫీజు కట్టేస్తామనే ధీమాతో వచ్చేవాళ్లు మనలోనూ ఉన్నారు.

న్యాయవాది: టర్మ్‌లో, అంటే చదువు నడిచే కాలంలో, పనికి అనుమతి వారానికి 20 గంటలే. 2026 ఏప్రిల్ నుంచి 21 ఏళ్లు నిండినవారికి కనీస వేతనం గంటకు 12.71 పౌండ్లు. వారానికి 254, నెలకు ఇంచుమించు 1,100. అది అద్దెకీ తిండికీ అయిపోతుంది. ఫీజు దాంతో కట్టడం జరిగే పని కాదు.

సలహాదారు: నైజీరియా విద్యార్థుల్లో చాలామంది వృద్ధులను చూసుకునే కేర్ హోముల్లో చేస్తారు. అక్కడ షిఫ్టు 12 గంటలది. రెండు షిఫ్టులు చేస్తే 24. రూల్ దాటినట్టే. పోయిన వారం పన్నెండే చేశాను కదా, సగటు సరిపోయిందిగా అంటే కుదరదు. సోమవారం నుంచి ఆదివారం దాకా, ఏ వారానికి ఆ వారమే. ఆదివారం రాత్రి ఎనిమిదికి మొదలైన షిఫ్టులో అర్ధరాత్రి దాకా నాలుగు గంటలు ఈ వారానికి, మిగతా ఎనిమిది వచ్చే వారానికి. రెండు చోట్ల పనిచేస్తే రెండూ కలిపి లెక్క. మేనేజరు ‘ఇవాళ ఒకరు రాలేదు, ఉండిపో’ అంటాడు, మొహమాటానికి ఉండిపోతే జీతం స్లిప్పులో ఆ గంటలు అచ్చవుతాయి.

న్యాయవాది: వేసవి సెలవుల్లో ఫుల్‌టైమ్ చేయొచ్చనుకుంటారు. డిగ్రీ విద్యార్థికి నిజమే. ఏడాది మాస్టర్స్ చేసేవాడికి వేసవి అంటే డిసర్టేషన్ రాసే కాలం. అది టర్మ్ కిందకే వస్తుంది, 20 గంటలే. ఫుడ్ డెలివరీ యాప్‌లలో స్వయం ఉపాధి కింద పని అసలు చేయకూడదు. స్నేహితుడి అకౌంట్ మీద బండి తోలడం అంతకంటే ప్రమాదం.

యాంకర్: అకౌంట్ అంటే గుర్తొచ్చింది. బ్యాంకు ఖాతాలు స్తంభింపజేస్తున్నారన్న ఫిర్యాదులు చాలా ఉన్నాయి.

విశ్లేషకుడు: రెండు కారణాలు. ఒకటి, బ్రిటన్‌లో పౌండ్లు ఉన్నవాడు, నైజీరియాలో నైరాలు ఉన్నవాడు చేతులు మార్చుకోవడం. ఇంటికి పంపాల్సినవాడి పౌండ్లు నా ఖాతాలో పడతాయి, నా తండ్రి అక్కడ వాళ్ల అమ్మకి నైరాలు ఇస్తాడు. రేటు బాగుంటుంది. కానీ ఆ పౌండ్లు ఎవరి దగ్గర కాజేసినవో తెలియదు. రెండోది, ‘నీ ఖాతాలో వేస్తా, వంద ఉంచుకుని మిగతాది పంపు’ అనేది. అది తెలిసి చేసినా తెలియక చేసినా బ్యాంకు ఖాతా మూసేస్తుంది, సిఫాస్ అనే మోసాల డేటాబేసులో పేరు ఆరేళ్లదాకా ఉండొచ్చు. ఆ పేరుతో కొత్త ఖాతా, ఫోన్ కాంట్రాక్టు దొరకడం కష్టం. లైసెన్సున్న రెమిటెన్స్ యాప్‌లోనే పంపాలి. రసీదు దాచుకోవాలి.

యాంకర్: ఇల్లు?

సలహాదారు: అద్దె కట్టకపోతే తాను కడతానని పూచీపడే గ్యారెంటర్ కావాలంటారు, బ్రిటన్‌లో ఉద్యోగమున్న మనిషి. కొత్తగా వచ్చినవాడికి ఎక్కడి నుంచి వస్తాడు? ఇదివరకు ఆరు నెలల అద్దె ముందే కట్టించుకునేవారు. 2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో ప్రైవేటు అద్దె ఇళ్లకు ఒక నెలకు మించి అడ్వాన్సు అద్దె అడగకూడదు. యూనివర్సిటీ హాస్టళ్లకు ఇది వర్తించదు. డిపాజిట్ ఐదు వారాల అద్దెకు మించకూడదు, అంటే వారానికి 150 అయితే 750. దాన్ని 30 రోజుల్లో డిపాజిట్ స్కీములో పెట్టి కాగితం ఇవ్వాలి. ఆ కాగితం ఇవ్వకపోతే ఇంటాయన మాట నమ్మొద్దు. వీసా రుజువుగా ఓనరుకి చూపించే ఆన్‌లైన్ షేర్ కోడ్ 90 రోజులే పనిచేస్తుంది, పాతది పంపి ఇల్లు పోగొట్టుకోవద్దు. వీసా రుజువుగా ఇచ్చిన బీఆర్‌పీ కార్డుల కాలం 2024 డిసెంబరుతో అయిపోయింది, ఇప్పుడంతా ఈ-వీసానే.

యాంకర్: ఆరోగ్యం సంగతి?

సలహాదారు: ఏడాది మాస్టర్స్ వీసాకి, ప్రభుత్వ వైద్యం కోసం ముందే కట్టే హెల్త్ సర్‌చార్జి సాధారణంగా 1,164 పౌండ్లు. ఏడాదికి 776, పైన మిగిలిన నెలలకు 388. అంత కట్టి కూడా జీపీ, అంటే స్థానిక డాక్టరు, దగ్గర రిజిస్టర్ కాని పిల్లలున్నారు. అడ్రస్ ప్రూఫ్ లేదని వెనక్కి పంపితే, అది తప్పనిసరి కాదని రిసెప్షన్‌లో చెప్పొచ్చు. ఇక మలేరియా. క్రిస్మస్‌కి లాగోస్ వెళ్తారు, ‘నేను అక్కడ పుట్టినవాణ్ని, నాకేం కాదు’ అని మాత్రలు వేసుకోరు. కొంతకాలం బయట ఉంటే ఆ రక్షణ తగ్గిపోతుంది. తిరిగొచ్చాక జ్వరం వస్తే ఫ్లూ అనుకుని పారసిటమాల్‌తో పడుకుంటారు. వెళ్లొచ్చిన ఏడాదిలోపు ఏ జ్వరం వచ్చినా అదే రోజు వైద్య సలహా నంబరు 111కి ఫోన్ చేసి, మొదటి మాటగా ‘నైజీరియా నుంచి వచ్చాను’ అని చెప్పాలి. వాళ్లు అడిగేదాకా ఆగొద్దు. అన్నట్టు, నల్లటి చర్మం ఉన్నవాళ్లు బ్రిటన్‌లో ఏడాది పొడవునా రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి వేసుకోవడం మంచిదని అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ సలహా. ఇది మనకూ వర్తిస్తుంది.

విశ్లేషకుడు: ఒక చిన్న సంగతి, సిమ్ కార్డు. నైజీరియా బ్యాంకు ఓటీపీ అక్కడి నంబరుకే వస్తుంది. ఆరు నెలలు రీచార్జి గానీ వాడకం గానీ లేకపోతే ఆ నంబరు నిలిపేస్తారు, ఆ తర్వాత వేరొకరికి ఇచ్చేస్తారు. అప్పుడు ఖాతా తెరవాలంటే బీవీఎన్ అనే బ్యాంకు ధ్రువీకరణ సంఖ్యలో సవరణ, దానికి మళ్లీ తిప్పలు. నెలకోసారి కాస్త ఎయిర్‌టైమ్ వేసి ఒక మెసేజ్ పంపితే సరిపోతుంది.

న్యాయవాది: పాస్‌పోర్టు కూడా. లండన్ నార్తంబర్లాండ్ అవెన్యూలో నైజీరియా హైకమిషన్, అంటే వాళ్ల రాయబార కార్యాలయం, ఉంది. ఎన్ఐఎన్ అనే జాతీయ గుర్తింపు సంఖ్యలో పేరు, పుట్టినరోజు పాస్‌పోర్టుతో అచ్చంగా సరిపోకపోతే రెన్యువల్ ముందుకు కదలదు. మన ఇంటిపేరు గొడవలాంటిదే. స్వదేశంలో ఉండగానే సరిచేయించుకోవాలి.

యాంకర్: భార్యాపిల్లల్ని తెచ్చుకోవడం?

న్యాయవాది: 2024 జనవరి నుంచి మొదలైన కోర్సుల్లో మామూలు మాస్టర్స్ వాళ్లకు ఆ అవకాశం లేదు. పీహెచ్‌డీ, రీసెర్చ్ కోర్సులకే. కేర్ వర్కర్ వీసా మీద విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడం 2025 జులై 22తో ఆగిపోయింది. పోస్ట్ స్టడీ గ్రాడ్యుయేట్ వీసా 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు పెట్టేవారికి రెండేళ్లు కాస్తా 18 నెలలవుతోంది, పీహెచ్‌డీ వాళ్లకు తప్ప. ఇంకా పాత లెక్కలు చెబుతున్న ఏజెంటును వదిలేయండి.

యాంకర్: నిజామాబాద్ నుంచి ఒక కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. మా అబ్బాయి ఇద్దరు నైజీరియా పిల్లలతో కలిసి ఒక ఇంట్లో ఉంటున్నడు. కౌన్సిల్ ట్యాక్స్ అని, అక్కడి మున్సిపాలిటీ ఇంటి పన్నట, బిల్లు వచ్చిందట. స్టూడెంట్లకు ఉండదన్నరు కదా?

సలహాదారు: అమ్మా, ముగ్గురూ ఫుల్‌టైమ్ స్టూడెంట్లేనా?

కాలర్: ఒకతనిది కోర్సు అయిపోయిందంట. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నడు.

సలహాదారు: అక్కడే వచ్చిందమ్మా. అందరూ స్టూడెంట్లయితే ఇంటికి మొత్తం మినహాయింపు. ఒక్కరి కోర్సు అయిపోయినా అది పోతుంది, 25 శాతం తగ్గించి బిల్లు వేస్తారు. ముగ్గురూ కలిసి ఒకే అగ్రిమెంటు మీద సంతకం పెట్టి ఉంటే కట్టాల్సింది ఉద్యోగం చేసే అతనొక్కడే, మీ అబ్బాయి మీద బాధ్యత ఉండదు. ఎవరి గదికి వాళ్లు వేరే అగ్రిమెంటు రాసుకుంటే సాధారణంగా ఓనరే కట్టాలి. బిల్లు మీద మీ అబ్బాయి పేరు ఉంటే యూనివర్సిటీ పోర్టల్ నుంచి కౌన్సిల్ ట్యాక్స్ సర్టిఫికెట్ తీసుకుని, బిల్లు మీది అకౌంట్ నంబరు వేసి కౌన్సిల్ వెబ్‌సైట్‌లో అప్‌లోడ్ చేయమనండి. ఇవాళే చేయమనండి. రిమైండర్ వచ్చాక ఏడు రోజులే టైమిస్తారు, అది దాటి ఇంకో వారం పోతే ఏడాది మొత్తం ఒకేసారి అడుగుతారు, ఆ తర్వాత కోర్టు సమన్లు.

కాలర్: ఆ ఉద్యోగం చేసే అబ్బాయి దగ్గర ఇప్పుడు పైసల్లేవంట సార్, మరి?

సలహాదారు: కౌన్సిల్‌కి ఫోన్ చేసి నెలవారీ కట్టుకుంటానని అడగమనండి. ఏ తేదీన కోర్సు అయిందో యూనివర్సిటీ లెటర్‌తో చూపిస్తే, ఆ తేదీ నుంచే లెక్కేస్తారు. అంతకుముందు నెలలకు కట్టక్కర్లేదు.