వాన వెలిసిన హైదరాబాద్‌లో నాలుగు నడకలు

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంటి పనులు పక్కన పెట్టి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

శరదృతువంటే మనకు ఆశ్వయుజం, కార్తీకం. చలి దేశాల్లో ఈ రోజులకి చెట్లు ఆకులు రాలుస్తాయి. మన దగ్గర అలా కాదు. అక్టోబర్ నడిమికి నైరుతి రుతుపవనాలు వెనక్కి మళ్లుతాయి. అప్పటికి నేల పచ్చబడి ఉంటుంది, చెరువుల్లో నీళ్లుంటాయి, గాలిలో దుమ్ము తగ్గి ఎంతో దూరం కనిపిస్తుంది. హైదరాబాద్‌ని చూడ్డానికి ఏడాది మొత్తంలో ఇంతకంటే మంచి రోజులు లేవని నా గట్టి నమ్మకం. మే నెల ఎండలో గోల్కొండ ఎక్కి, ఉసూరుమంటూ దిగొచ్చి, "ఏముందక్కడ, రాళ్లే కదా" అనేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. అవును, రాళ్లే. కానీ ఎలాంటి రాళ్లు!

మన కాళ్ల కింద ఉన్న గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల శిలాద్రవం మెల్లగా చల్లారి గట్టిపడింది. పైన ఉన్న పొరలు అరిగిపోయి బరువు తగ్గేసరికి దానిలో అడ్డంగా, నిలువుగా పగుళ్లు వచ్చాయి. ఆ పగుళ్లలోకి నీళ్లు దిగి అంచులను తినేసి, మూలలను గుండ్రం చేశాయి. చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోయాక మిగిలినవే మనం చూసే ఈ బండలు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుంటాయి గానీ ఎవరూ పేర్చలేదు. గోల్కొండలో కోటగోడ వెంట కాస్త నెమ్మదిగా నడవండి. కొన్నిచోట్ల గోడ బండను తప్పించుకుని పోదు, బండనే తనలో కలిపేసుకుంటుంది. ఎక్కడ కొండ ఆగిందో, ఎక్కడ మేస్త్రీ పని మొదలైందో వేలు పెట్టి చూపించడం కష్టం. ఈ ఊళ్లో కట్టడం వేరు, ప్రకృతి వేరు అనుకోవద్దని నేను పదేపదే అనేది అందుకే.

చప్పట్ల సంగతి మీకు తెలిసిందే, కోట ద్వారం ఫతే దర్వాజా దగ్గర కొడితే కొండ పైనున్న బాలా హిస్సార్‌లో వినిపిస్తాయి. అది చూసి తిరిగొచ్చేయకుండా పక్కనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధులకు వెళ్లండి. అక్కడి బడీ బావ్లీ అనే మెట్లబావి 2013 వానల్లో ఒక పక్క కూలిపోయింది. దాన్ని మళ్లీ కట్టారు. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు కూడా వచ్చింది. వానాకాలం వెళ్లగానే చూస్తేనే ఆ బావి ఎందుకు కట్టారో అర్థమవుతుంది.

ఊరి నడిబొడ్డున ఇంకొకటి ఉంది, టూరిస్టు లిస్టుల్లో పెద్దగా కనిపించదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ని ముంచేసింది. వేల మంది పోయారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఆ వరద తర్వాత ఇంజనీరు విశ్వేశ్వరయ్య సలహా మీదే 1920లో ఉస్మాన్ సాగర్ (మనం గండిపేట అనేది దాన్నే), 1927లో హిమాయత్ సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి. పిల్లల్ని ముందు ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్లి, తర్వాత గండిపేట కట్ట మీదికి తీసుకెళ్లండి. చెరువు కట్ట వాళ్లకి వేరేగా కనిపిస్తుంది. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద ఫొటోలు దిగేటప్పుడు కూడా ఒక్క మాట చెప్పండి, కింద ఉన్న నీళ్లు ఒకప్పుడు గోల్కొండకు తాగునీళ్లని.

ఇక పూలు. బతుకమ్మకి గునుగు, తంగేడు మార్కెట్లో కట్టలుగా కొంటున్నాం. ఒక్కసారి ఔటర్ రింగ్ రోడ్డు దాటి బీడు భూముల వైపు వెళ్లండి, నిలబడి ఉన్న గునుగును చూడండి. కాలనీల్లో అయితే పొద్దున్నే ఆకాశమల్లెల కింద చూసి అడుగేయండి. పొడుగాటి తెల్లకాడ, చివర చిన్న పువ్వు, రోడ్డంతా రాలి ఉంటాయి.

దసరాకి పాలపిట్టను చూడటం మన ఆచారం. దానికోసం పిట్టను పంజరంలో పెట్టి తిప్పుతుంటే డబ్బులిచ్చి చూస్తారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. వన్యప్రాణి చట్టం ప్రకారం పాలపిట్టను పట్టడమే నేరం. పొలాల పక్కన కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు అది మట్టిరంగు పిట్టలాగే ఉంటుంది. పురుగు కోసం ఎగిరిందంటే మాత్రం రెక్కల్లో రెండు రకాల నీలాలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. పంజరంలో ఆ రెక్క ఎలా విప్పుతుంది చెప్పండి?

అన్నిటికంటే నాకిష్టమైంది అమీన్‌పూర్ చెరువు. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. మన దేశంలో ఒక నగర చెరువుకు ఆ గుర్తింపు రావడం అదే మొదలు. ఉత్తరాది నుంచి, దేశం బయటి నుంచి బాతులు దిగడం ఈ నెలల్లోనే మొదలవుతుంది. ఫ్లెమింగోలు కూడా వస్తుంటాయి. అక్కడ నలుపు తెలుపు లకుముకి పిట్టను వెతకండి. నీళ్లపైన గాల్లో ఉన్నచోటే రెక్కలు కొట్టుకుంటూ నిలబడుతుంది, ముక్కు కిందికి దించుకుని చూస్తుంది, ఉన్నట్టుండి రాయిలా నీళ్లలో పడుతుంది. చాలాసార్లు ఖాళీ ముక్కుతోనే లేస్తుంది. మళ్లీ వెళ్లి అదే ఎత్తున నిలబడుతుంది. అది చేప పట్టేదాకా నేను అక్కణ్ణుంచి కదల్లేను.

కార్తీకంలో వనభోజనాలకు వెళ్లేవాళ్లకి నా విన్నపం ఒక్కటే. ఉసిరిచెట్టు కింద విస్తళ్లు వేసుకోండి, పాటలు పాడుకోండి, స్పీకర్లు మాత్రం ఇంట్లో పెట్టి రండి. ప్లాస్టిక్ గ్లాసు ఒక్కటి కూడా అక్కడ వదలొద్దు. తిరుగుదారిలో రోడ్డు పక్కన గంపల్లో పెట్టి అమ్మే సీతాఫలాలు కొనుక్కోండి, అవి దొరికే రోజులు కొన్నే.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి అమీన్‌పూర్ కట్ట దగ్గర కలుద్దాం. బైనాక్యులర్స్ ఉన్నవాళ్లు తెచ్చుకోండి, లేనివాళ్లతో పంచుకోండి. మట్టిరంగు బట్టలైతే మంచిది. మీ ఇంట్లో పెద్దవాళ్లని కూడా తీసుకురండి, కట్ట మీద నడక తేలికే, నెమ్మదిగా వెళ్దాం. నమస్కారం.