మారియో గోతిలో పడితే తప్పు కంటిదా, చేతిదా?

నమస్తే అండీ అందరికీ. ముందుగా ఒక పెన్ను తీసుకోండి. ఎడమ చేత్తో మూత, కుడి చేత్తో పెన్ను. రెండు చేతులూ బాగా చాచి, ఒక కన్ను మూసుకుని, పక్కనుంచి పెన్నును మూతలోకి దూర్చాలి. నేను చేస్తున్నా చూడండి. తప్పింది. ఇంకోసారి... మళ్ళీ తప్పింది. ఇప్పుడు రెండు కళ్ళూ తెరుస్తున్నా. టక్కున దూరింది!

మన రెండు కళ్ళకీ మధ్య సుమారు 6 సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. ఒక్కో కన్ను ఒక్కో బొమ్మ చూస్తుంది. ఆ తేడాని బట్టే ఏది ఎంత దూరంలో ఉందో మెదడు లెక్క కడుతుంది. మరి గోతులు దూకుతూ పోయే వీడియో గేముల్లో, అంటే మారియో లాంటి వాటిలో, బొమ్మని త్రీడీలో, అంటే లోతుతో చూపిస్తే, ఈ లెక్క పనికొస్తుందా? మా మేనల్లుడికి తొమ్మిదేళ్ళు. వాడి ప్రశ్న ఇంకా సూటిగా ఉంది: "మామా, త్రీడీ పెడితే ఆటలో తక్కువ చస్తామా?"

ఇదిగో, ఇది నింటెండో త్రీడీఎస్, త్రీడీ బొమ్మ చూపించే చేతి వీడియో గేమ్. 2011లో వచ్చింది, 2020లో తయారీ ఆపేశారు. మా బావ దుబాయ్ నుంచి వస్తూ సెకండ్ హ్యాండ్‌ది తెచ్చాడు. కళ్ళజోడు అక్కర్లేదు. మన ఊళ్ళల్లో తాటాకు దడి ఉంటుంది కదా, దాని సందుల్లోంచి అవతలికి చూస్తే కుడికంటికి ఒక ముక్క, ఎడమకంటికి పక్క ముక్క కనపడతాయి. ఇందులో జరిగేదీ అదే. పై తెర అడ్డంగా 800 చుక్కలు. త్రీడీ పెట్టగానే సన్నటి దడి లాంటిది అడ్డమొచ్చి కంటికి 400 చొప్పున పంచుతుంది. అందుకే వెలుతురు కొంచెం తగ్గుతుంది, బ్యాటరీ కూడా త్వరగా దిగుతుంది.

చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ వీడియో గేమ్ గుర్తుందా? అందులో మారియో ఎడమ నుంచి కుడికి పోతాడు, అంతే. గొయ్యి వెడల్పు తెర మీదే కనపడుతుంది. అక్కడ త్రీడీ అలంకారమే, కొండలు వెనక్కి జరిగి అందంగా ఉంటాయి. మ్యూటెంట్ మడ్స్ లాంటి ఆటల్లో ముందు వరస నుంచి వెనక వరసకి దూకాలి. ఏ మెట్టు ఏ వరసలో ఉందో చటుక్కున తెలుస్తుంది కాబట్టి అక్కడ కొంచెం లాభం.

అసలు పరీక్ష తెర లోపలికి దూకే ఆటల్లో. 2011లోనే వచ్చిన సూపర్ మారియో త్రీడీ ల్యాండ్ అలాంటిది. అందులో కొన్ని గదుల్లో గాల్లో దిమ్మెలు ఉంటాయి. త్రీడీ ఆపేసి చూస్తే అన్నీ ఒకే మెట్టులా అతుక్కుని కనపడతాయి. పక్కనున్న ఈ స్లైడర్ పైకి జరిపితే చాలు, ఒకటి దగ్గరికొస్తుంది, ఒకటి దూరం పోతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను "అబ్బా!" అన్నాను, అబద్ధం ఎందుకు.

కానీ అలాంటి గదులు ఎన్నో లేవు. త్రీడీ ఆపేసి కూడా ఆట మొత్తం పూర్తి చేయొచ్చు. ఆట తయారు చేసేవాళ్ళకీ అలా పెట్టక తప్పదు. ఆరేళ్ళలోపు పిల్లలకి త్రీడీ వద్దని కంపెనీయే చెప్పింది. మెల్లకన్ను ఉన్నవాళ్ళలో కొందరికి ఈ లోతు అందదు. 2013లో త్రీడీ తీసేసి టూడీఎస్ అని ఇంకోటి అమ్మారు. ఇంతమందికి కనపడని దాని మీద ఆటని ఎట్టా నిలబెడతారు?

అందుకే నా ఓటు నీడకి. మారియో గాల్లో ఉన్నప్పుడు సరిగ్గా కాళ్ళ కింద ఒక గుండ్రటి నీడ పడుతుంది, గమనించారా? సూర్యుడు ఎటున్నా అది నిట్టనిలువునే ఉంటుంది. నీడ దిమ్మె మీద ఉంటే దిగుతాడు, లేకపోతే పోతాడు. కాకి వాలేటప్పుడు దాని నీడా అదీ నేల మీద కలుసుకుంటాయే, అలాగే. ఈ కిటుకుకి ఒక్క కన్ను చాలు. నేను రెండు రకాలుగానూ ఆడాను. త్రీడీ ఉంటే కొత్త చోట మొదటి దూకుడు ధైర్యంగా దూకుతున్నాను. నాలుగోసారికి చేతికి అలవాటైపోతుంది, ఇక ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

పైగా ఇది చేతిలో పట్టుకుని ఆడేది. మొన్న నెల్లూరు నుంచి ఒంగోలు బస్సులో త్రీడీ పెట్టి కూర్చున్నాను. కావలి దాకా కూడా ఓపిక పట్టలేకపోయాను. బస్సు కుదిపినప్పుడల్లా తల ఒక పక్కకి, తెర ఒక పక్కకి. దడి సందు తప్పిందంటే మారియో ఇద్దరవుతాడు. దూకాల్సిన ఘడియలోనే ఇద్దరైతే ఎవణ్ణి దూకించాలి? స్లైడర్ కిందికి లాగేశాను. తర్వాత వచ్చిన న్యూ త్రీడీఎస్‌లో ముందున్న కెమెరా మన మొహాన్ని గమనిస్తూ బొమ్మని సర్దుతుంది, అది చాలా మేలు. నా దగ్గరున్నది పాతది.

మేనల్లుడి ప్రశ్నకి జవాబు బాకీ ఉంది కదా. ఒంగోల్లో అక్కా వాళ్ళింట్లో వాడి చేతికే ఇచ్చాను. మంచం మీద బోర్లా పడుకుని స్లైడర్ పైదాకా నెట్టాడు. రెండు నిమిషాలైనా మారియో కదల్లేదు. తల అటూ ఇటూ వంచి ఆ దిమ్మెల వంకే చూస్తున్నాడు.

"ఆడరా" అన్నాను.

"ఉండు మామా, చూడనీ."