కెమెరా కళ్లజోళ్లు, సీటు కింద బిళ్ల

వాసు: నమస్కారం. పోయిన వారం మాటిచ్చాం కదా, ఇవాళ కెమెరా కళ్లజోళ్లు, మనకి తెలీకుండా వెంటాడే ట్రాకర్ బిళ్లలు.

సునీత: రే-బాన్ మెటా అనే కెమెరా కళ్లజోడు మన దేశంలో 2025 మేలో అమ్మకానికొచ్చింది. రికార్డింగ్ అవుతుంటే ఫ్రేము మూలన చిన్న లైటు వెలుగుతుంది. మిట్టమధ్యాహ్నం ఆర్కే బీచ్‌లో ఆ లైటు ఎవరికి కనబడుతుంది వాసన్నా?

వాసు: కనబడదు. 2024లో హార్వర్డ్ విద్యార్థులిద్దరు ఆ జోడు వీడియోని ముఖాలు వెతికే సైటుకి కలిపి చూపించారు. ఎదురుగా వచ్చే మనిషి పేరు ఫోనులో పడిపోయింది. కోడ్ మాత్రం బయటపెట్టలేదు, ఆ సైట్లలోంచి మన ముఖం తీయించుకునే దారి చెప్పారు. అలాంటి సైటే పిమ్‌ఐస్, దాంట్లో దానికి ఫారం ఉంది, నింపండి. నింపాక సిమ్ పిన్, అదే సిమ్‌కి వేసే తాళం, అది కూడా...

సునీత: సిమ్ పిన్ మాటెత్తితే గంట కొడతానన్నానా? గంట! పూర్ణా మార్కెట్ ఎపిసోడ్ నుంచీ ఇదే. అన్నా, ఆ జోడు పాతిక వేలు దాటుతుంది. నాకు అంతకన్నా భయం ఆపిల్ ఎయిర్‌ట్యాగ్ లాంటి, ఎక్కడుందో యజమాని ఫోనులో చూపించే బిళ్లలంటే. మూడు వేల పైచిలుకు, పదకొండు గ్రాములు. స్కూటీ సీటు కింద పడేస్తే సీఆర్2032 బ్యాటరీతో ఏడాది దాకా పనిచేస్తుంది.

వాసు: దాంట్లో జీపీఎస్ లేదు. పక్కనుంచి వెళ్లే ఐఫోన్లు దాని బ్లూటూత్ విని చోటు పంపిస్తాయి. అందుకే జగదాంబ జంక్షన్‌లో వెంటవెంటనే కనబడుతుంది, అరకు ఘాట్‌లో గంటలు పట్టొచ్చు. దొరికితే మాత్రం బ్యాటరీ పీకొద్దు.

సునీత: ఎందుకు పీకకూడదు? వెనక స్టీలు మూత నొక్కి ఎడమవైపు తిప్పితే ఊడొస్తుంది. ఒక ఆడపిల్ల ఇంటికెళ్తుంటే దారంతా చూపిస్తూ ఉండనివ్వాలా?

వాసు: తొందరపడితే సాక్ష్యం పోతుంది తల్లీ. ముందు ఉన్నచోటే ఫొటో. తర్వాత తెల్లవైపు ఫోను వెనక ఆనిస్తే పేజీ తెరుచుకుంటుంది, ఆండ్రాయిడ్‌లోనైతే ఎన్‌ఎఫ్‌సీ, అంటే ఆనిస్తే చదివే సౌకర్యం, ఉండాలి. సీరియల్ నంబరు, యజమాని ఫోను చివరి నాలుగంకెలు కనబడతాయి. స్క్రీన్‌షాట్ తీసుకుంటే, ఆ సీరియల్‌తో పోలీసులు కంపెనీని అడగగలరు.

సునీత: తీసుకోండి, కాదనను. ఆ తర్వాతైనా పీకాల్సిందే.

వాసు: పీకగానే పెట్టినవాడి మ్యాప్‌లో కదలిక ఆగిపోతుంది. దొరికిపోయానని అర్థమై ఎదురుగా వచ్చేస్తే?

సునీత: అందుకే ఎక్కడ పీకామన్నది ముఖ్యం. ఇంట్లో పీకితే చివరి చుక్క మన ఇంటి మీదే నిలబడిపోతుంది. నేరుగా పోలీస్ స్టేషన్‌కి పోనివ్వండి, అక్కడ పీకండి. చివరి చుక్క అక్కడే పడనీ.

వాసు: ...అది ఒప్పుకుంటాను. భయమేస్తే దారిలోనే 112కి కొట్టాలి.

సునీత: స్కానింగ్ సంగతి కూడా చెప్పు.

వాసు: 2024 మేలో ఆపిల్, గూగుల్ కలిసి తెచ్చాయి. ఐఫోనులో ఐఓఎస్ 17.5, ఆండ్రాయిడ్‌లో 6 నుంచి పైవి. తెలియని ట్యాగ్ మనతోపాటు తిరుగుతుంటే ఫోనే చెబుతుంది. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ‘ట్రాకర్’ అని వెతికి, అన్‌నోన్ ట్రాకర్ అలర్ట్స్‌లో స్కాన్ నౌ నొక్కొచ్చు. బ్లూటూత్, లొకేషన్ ఆన్‌లో ఉండాలి.

సునీత: ఆ స్కాన్‌లో పడేది యజమానికి దూరంగా ఉన్న ట్యాగే. ట్యాగ్ తనంతట తాను చేసే అరుపు కూడా యజమానికి దూరమై ఎనిమిది నుంచి ఇరవైనాలుగు గంటల మధ్య ఎప్పుడో వస్తుంది. పెట్టినవాడు మొగుడైతే? రాత్రికి ఇంటికొచ్చేస్తాడు, లెక్క మళ్లీ మొదటికి. ఈ హెచ్చరికలన్నీ బయటివాడి కోసం కట్టినవి అన్నా. తాళం చెవి చేతిలో ఉన్నవాడికి ఇవేవీ అడ్డం కావు.

వాసు: స్పీకరు పీకేసి మూగవి చేసి అమ్మినవాళ్లూ ఉన్నారు.

సునీత: ఉన్నారు. అరుపు వినబడలేదంటే ట్యాగ్ లేదని కాదు. చేత్తోనే తడమాలి. డిక్కీ, నంబరు ప్లేటు వెనక, ముందు ప్లాస్టిక్ లోపల. కారైతే సీటు జేబులు, స్టెప్నీ, బంపరు లోపలి అంచు.

వాసు: ఇంట్లోవాడే అయితే ఫోనూ చూసుకోవాలి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి, మనవి కానివి తీసేయాలి. ఇప్పుడు గంట కొట్టొద్దు, నిజంగానే చెబుతున్నా. నిద్రపోయినప్పుడు సిమ్ తీసి వేరే ఫోనులో వేస్తే ఓటీపీ వాడికే వస్తుంది. సిమ్ పిన్ ఉంటే ఆగుతుంది. కంపెనీ మొదట ఇచ్చిన పిన్ తెలుసుకున్నాకే మార్చండి. మూడుసార్లు తప్పితే పీయూకే, అంటే సిమ్‌ని మళ్లీ తెరిచే కోడ్, అడుగుతుంది, అదీ పదిసార్లు తప్పితే సిమ్ పనికిరాదు.

సునీత: కొట్టను. ఇలాంటి ఇంట్లో ఉన్నవాళ్లు తీసేసే ముందు మహిళల హెల్ప్‌లైన్ 181కి మాట్లాడండి. తీసేశారని తెలిసిన రాత్రే గొడవ కావచ్చు.

వాసు: ఇంకొకటి, సిమ్ ఉన్న జీపీఎస్ డబ్బాలు బ్లూటూత్ స్కాన్‌లో పడవు. బండి బ్యాటరీ వైర్లకి కలిపేస్తారు, కారులో స్టీరింగ్ కింద, మెకానిక్ తనిఖీకి వాడే ఓబీడీ సాకెట్‌కి గుచ్చేస్తారు. బ్యాటరీ దగ్గర అదనంగా వైరు కనబడితే మెకానిక్‌కి చూపించాలి.

సునీత: ఆ మెకానిక్ వాడికి తెలిసినవాడైతే?

వాసు: గాజువాక వాళ్లు మద్దిలపాలెం తీసుకెళ్లండి. మద్దిలపాలెం వాళ్లు ఇటు రండి.