మందు చల్లాక కురిసే మొదటి వాన

శ్రోతలకు నమస్కారం. పొలంలో చల్లిన మందు తాగునీటి చెరువులోకి ఎంత చేరుతుందో, ఎన్నాళ్లుంటుందో ముందే లెక్కగట్టొచ్చు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ ఇలాంటి లెక్కలకు ఇల్లినాయ్ రాష్ట్రంలోని షిప్‌మన్ ఊరి జలాశయాన్ని నమూనాగా తీసుకుంది. చిన్నదే: విస్తీర్ణం 5.3 హెక్టార్లు, లోతు 2.74 మీటర్లు, నీరు సుమారు 14.4 కోట్ల లీటర్లు. దానిలోకి వాననీరు పారే నేల మాత్రం 172.8 హెక్టార్లు.

ఆ నేలంతా మొక్కజొన్నే వేసి, హెక్టారుకు కిలో చొప్పున అట్రజిన్ చల్లారనుకుందాం. మన రైతులూ మొక్కజొన్నలో, చెరకులో వాడే కలుపు మందే ఇది. వెంటనే గట్టి వాన పడి నూటికి ఒక వంతు కొట్టుకొస్తే 1.728 కిలోలు. నీటిలో సమంగా కలిస్తే లీటరుకు 12 మైక్రోగ్రాములు. తాగునీటికి అమెరికాలో హద్దు 3, మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణంలో 2. తొంభై తొమ్మిది వంతులు పొలంలోనే ఆగినా నీరు హద్దు దాటింది చూడండి.

మరి తగ్గేదెలా? కొంత మందు దానంతటదే విరిగిపోతుంది, కొంత నీటితో పాటు అలుగు దాటిపోతుంది. సగం విరగడానికి 100 రోజులు పడుతుందనీ, రోజూ చెరువులో నూరో వంతు నీరు మారుతుందనీ అనుకుంటే, విరగడం వల్ల రోజుకు 0.0069 వంతు, నీరు మారడం వల్ల 0.01 వంతు, కలిపి 0.0169 వంతు తగ్గుతుంది. అంటే 41 రోజులకోసారి సగమవుతుంది. కొత్తగా మందు రాకపోతే 12 నుంచి 3కి దిగడానికి 82 రోజులు.

ఈ లెక్క తప్పేది ‘సమంగా కలిస్తే’ అన్న మాట దగ్గరే. ఎండాకాలంలో లోతైన జలాశయంలో పైన వెచ్చని నీరు, అడుగున చల్లని నీరు పొరలుగా నిలుస్తాయి. చల్లని వరద నీరు కిందికి దూరి తన బరువుకు తగ్గ లోతులో పరుచుకుంటుంది. నీరు తోడే గొట్టం ఆ లోతులోనే ఉంటే 12కు ఎన్నో రెట్లు రావచ్చు. అందుకే మీటరు మీటరుకూ ఉష్ణోగ్రత కొలిచి, పొరపొరకూ విడిగా లెక్క వేయాలి. క్లోర్‌పైరిఫాస్ లాంటి పురుగు మందు మట్టిని పట్టుకుంటుంది కాబట్టి అడుగు బురదకూ లెక్క కట్టాలి. పై నీరు తేరుకున్నాక ఆ బురదే మందును మెల్లగా వదులుతుంది.

నెలకో సీసా నీరు పట్టి లెక్క సరిచూడటం దండగ. మందు చల్లాక పడే మొదటి వాన నుంచి వారం పాటు రోజూ, తోడే లోతులోనే పట్టాలి. కొన్ని మందులు ప్లాస్టిక్‌కు అంటుకుంటాయి. ముదురు రంగు గాజు సీసాలో నింపి, ఐసులో పెట్టి పంపాలి.

ఇసుక వడపోత, క్లోరిన్ అట్రజిన్‌ను ఆపలేవు. యాక్టివేటెడ్ కార్బన్, అంటే మందును తనకు అంటించుకునే ప్రత్యేకమైన బొగ్గు, పొడిగా కలపాలి. అది ఖరీదైనది, ఏడాదంతా వేయలేం. ఏ రోజు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో ఈ లెక్కతోనే తేలుతుంది.