రిపోర్టు కార్డులో ‘బి’ వస్తే ఎస్‌ఎస్‌ఐ రాదా?

యాంకర్: న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి కాల్. ఎస్‌ఎస్‌ఐ గురించి, అంటే ఆదాయం తక్కువున్న వికలాంగులకీ వృద్ధులకీ అమెరికా ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం గురించి. చెప్పండమ్మా, లాయర్ గారు వింటున్నారు.

శ్రోత: నమస్తే అండీ. మా బాబుకి ఎనిమిదేళ్లు, ఆటిజం. స్కూల్లో స్పెషల్ ఎడ్యుకేషన్, ఐఈపీ, అంటే వాడి కోసం స్కూలు రాసిన ప్రత్యేక చదువు ప్రణాళిక, ఉన్నాయి. మావారి ఉద్యోగం పోయాక ఎస్‌ఎస్‌ఐకి అప్లై చేశాం. గ్రేడ్లు బాగానే ఉన్నాయంటూ రాదని లెటర్ పంపారు. స్పెషల్ ఎడ్‌లో ఉంటే చాలదా అండీ?

లాయర్: చాలదమ్మా. అందులో ఉన్నంత మాత్రాన ఇవ్వరు, లేనంత మాత్రాన కాదనకూడదు. గ్రేడ్లూ అంతే. ఆ ‘బి’ ఎలా వస్తోంది? క్లాసులో పక్కన ఎవరైనా ఉంటారా?

శ్రోత: ఎయిడ్ ఒకావిడ ఉంటారండీ. ప్రతి ప్రశ్నా రెండుసార్లు చదివి వినిపిస్తారు. అందరికీ ఇరవై లెక్కలిస్తే వీడికి పదే. మధ్యలో లేచిపోతాడు, మళ్లీ తెచ్చి కూర్చోబెట్టాలి.

లాయర్: మీ కేసు బలమంతా ఇందులోనే ఉందమ్మా! ఫైల్లో ఈ ముక్క ఉందా? ఏ ఇబ్బందీ లేని ఎనిమిదేళ్ల పిల్లలతో పోల్చి చూడాలి, ఈ సాయం లేకపోతే ఏమవుతాడో కూడా చూడాలి. ఆటిజం లిస్టింగ్‌కి, అంటే ఎస్‌ఎస్‌ఐ కోసం ఆటిజానికి రాసిపెట్టిన ప్రమాణాలకి, సరిపోకపోయినా ఆరు విభాగాలున్నాయి: నేర్చుకోవడం, పని మీద ధ్యాస పెట్టి పూర్తిచేయడం, నలుగురితో మెలగడం, కదలికలు, తన పనులు తాను చేసుకోవడం, ఆరోగ్యం. రెండింటిలో తీవ్రమైన ఇబ్బంది గానీ, ఒక్కదానిలో అతి తీవ్రమైనది గానీ ఉంటే అర్హత ఉంటుంది.

శ్రోత: టీచరుని అడగమంటారా?

లాయర్: తప్పకుండా. ఎస్‌ఎస్‌ఏ-5665 అని టీచర్లు నింపే ఫారం ఉంది. ‘మంచి పిల్లాడు’ అని ఊరుకోకుండా మీరిప్పుడు చెప్పినవన్నీ రాయమనండి. ఐఈపీ ఒక్కటే పంపకండి. స్కూల్ సైకాలజిస్టు రిపోర్టు, స్పీచ్ థెరపీ నోట్సు కూడా తీసుకోండి. ఐఈపీలో ‘గోల్ పూర్తయింది’ అని కనిపిస్తే బాగైపోయాడనుకుంటారు, కానీ ఆ గోల్స్ చాలాసార్లు తోటిపిల్లల స్థాయికి బాగా కిందే పెడతారు. ఇంకోటి, మనవాళ్లకి పిల్లాడి గురించి తక్కువ చేసి రాయడానికి మనసొప్పదు. ఫారంలో ‘అన్నీ తనే చేసుకుంటాడు’ అని రాసేస్తారు. చొక్కా గుండీలు మీరు పెడుతుంటే, మీరే పెడుతున్నారని రాయండి.

శ్రోత: మావారికి మళ్లీ ఉద్యోగం వస్తే?

లాయర్: పద్దెనిమిది నిండేదాకా తల్లిదండ్రుల ఆదాయం లెక్కలోకొస్తుంది. వెంటనే తెలియజేయాలి. ఇంతకీ లెటర్ వచ్చి ఎన్నాళ్లయింది?

శ్రోత: నెల దాటిందండీ.

లాయర్: గడువు అందిన రోజు నుంచి 60 రోజులే. కాగితాల కోసం ఆగకుండా ముందు అప్పీల్ వేసేయండి, అవి తర్వాత పంపొచ్చు.