డీజిల్ ఫిల్టర్ మార్చినంక బండి స్టార్ట్ అయి ఆగిపోతుందా? ఈ రింగు ఒకపారి చూడుండ్రి

నమస్తే అన్నా, అందరు మంచిగున్నరా. ఇయ్యాల మన పాత పికప్‌కు డీజిల్ ఫిల్టర్ మారుద్దాం. బానెట్ లేపిన, ఇంజన్ సల్లగుంది. ఇగో, గిదే ఫిల్టర్. కింద బేసిన్ పెట్టిన. లేకుంటే వాకిట్ల డీజిల్ పడ్డదని ఇంట్ల పంచాయితి.

అడుగున డ్రెయిన్ స్క్రూ లూజ్ చేస్తున్న... ఆఁ, వచ్చినయ్ జూడుండ్రి నీళ్లు. డీజిల్ కంటె నీళ్లు బరువు, అందుకే అడుగుకు చేరుతయ్.

ఫిల్టర్ తిప్పి తీసుడే. చెయ్యితోటి రాకపోతే బెల్టు పానా. కొందరు స్క్రూడ్రైవర్ గుచ్చి తిప్పుతరు, నాకు నచ్చదు. రేకు చినిగితే ఇగ పట్టు దొరకదు. వచ్చింది.

ఇగ ఇక్కడ ఆగుండ్రి. కొత్తది తొందరపడి బిగియ్యకుండ్రి. కెమెరా దగ్గరికి తే రా తమ్మీ. ఇగో, పైన ఫిల్టర్ బిగిచ్చే హెడ్డుకు నల్లగ అతుక్కొని ఉన్నది జూస్తున్నరా? పాత ఫిల్టర్ రబ్బరు రింగు. ఫిల్టర్ చేతికొచ్చింది గని రింగు పైననే ఉండిపోయింది. నేను ఒకపారి దీన్ని జూడలే, కొత్తది దీని మీదనే బిగిచ్చిన. బత్తాయి లోడు ఏసుకొని నల్లగొండల ఎల్లిన, నార్కట్‌పల్లి దాటి హైవే ఎక్కినంక ఆగింది. డీజిల్ లైన్ల చిక్కిన గాలి తీస్త, స్టార్ట్ అయితది, జరంత దూరం పోయి మళ్ల ఆగుతది. లీకేజి ఏడ అంటే ఒక్క సుక్క లేదు! పంపు మీద అనుమానపడ్డ, పైపుల మీద అనుమానపడ్డ. సంగతేందంటే, ఈ బండికి ఫిల్టర్ పంపు కంటె ముందు ఉంటది. పంపు డీజిల్‌ను గుంజుకుంటది. సందు ఉంటే డీజిల్ బయటికి కారుడు కాదు, గాలి లోపలికి పోతది. మరి కంటికెట్ల కనపడ్తది? అందుకే ఏలుతోటి సుట్టు ఇట్ల తడుముండ్రి. గీరుకుంట తీసిన... ఇగో, వచ్చింది.

కొత్త రింగుకు జర డీజిల్ రాసి, రబ్బరు ఆనినంక ముప్పావు సుట్టు, చెయ్యితోటే. చాలు. డ్రెయిన్ స్క్రూ మళ్ల బిగిచ్చిన.

ఇగ గాలి. పైన ఎయిర్ స్క్రూ లూజ్, హ్యాండ్ పంపు కొట్టు, కొట్టు... నురుగు, నురుగు... ఉత్త డీజిల్ వస్తుంది. పంపు ఒత్తిపట్టుకొనే స్క్రూ బిగియ్యాలె, ఇడిసిపెట్టినంక కాదు. అయినా అనుమానముంటే, మేస్త్రీలు లెవల్ చూసుకునే తెల్ల పైపు ఉంటది గద, ఫిల్టర్‌కు పంపుకు నడుమ గది ముక్క పెట్టుండ్రి. బుడగలు పోయేది కండ్లకు కనపడ్తది. నాకైతే గిదే మీటర్. చూసినంక తీసెయ్యుండ్రి, వేడికి అది గట్టిపడి పలుగుతది.

అప్పటికి స్టార్ట్ కాకపోతే ఇంజన్‌లకు డీజిల్ కొట్టే ఇంజెక్టర్ల కాడ నట్లు లూజ్ చేసి సెల్ఫ్ కొడతం. పాత మెకానికల్ పంపు బండ్లకే సుమా! కామన్ రైల్ బండ్లకు, అంటే అన్ని ఇంజెక్టర్లకు ఒక్క పైపులకెల్లి మస్తు ప్రెషర్‌తోటి డీజిల్ పోయే కొత్త బండ్లకు, ఆ నట్లు ముట్టొద్దు, ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మంల దిగుతది.

సెల్ఫ్ పది సెకన్లే, మళ్ల ఆగు. ఒకటి... రెండోది... ఆఁ, అందుకుంది! కొద్దిసేపు నడవనీయుండ్రి. బేసిన్ల ఉన్న డీజిల్ నేను సీసల పోసి పెట్టుకుంట, తుప్పు బోల్టులకు మస్తు పనికొస్తది.