సరుకు వెనుక ఉండే సంతకాలు

సభకు నమస్కారం.

వ్యాపారం పెరిగితే యుద్ధాలు తగ్గుతాయన్న నమ్మకం చాలాకాలంగా ఉంది. వినడానికి బాగుంటుంది. కానీ 1914కు ముందు బ్రిటన్, జర్మనీ ఒకదాని సరుకును మరొకటి పెద్ద ఎత్తున కొనేవి. జర్మన్ ఓడలకు లండన్‌లోనే బీమా చేసేవారు. ఆ ఆగస్టులో యుద్ధం మొదలైంది. నిన్నటిదాకా లండన్ బీమా చేసిన ఓడలకు బ్రిటిష్ నౌకాదళమే సముద్రమార్గం మూసేసింది.

అందుకే రెండు దేశాల మధ్య ఎన్ని కోట్ల డాలర్ల వ్యాపారం జరుగుతోందని చెప్పినంత మాత్రాన వాటి స్నేహం ఎంత గట్టిదో నాకు తెలియదు. ఎవరి అవసరం ఎవరికి ఎక్కువ? తగవు వస్తే తీర్చేది ఎవరు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే కొంత తెలుస్తుంది.

1950 మే 9న ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ ఒక ప్రతిపాదన చేశారు. అది వ్యాపార మంత్రి నోటినుంచి రాలేదన్నది గమనించండి. ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీల బొగ్గు, ఉక్కు ఉత్పత్తిని ఒకే ఉమ్మడి సంస్థ కిందకు తెద్దామన్నారు. ఫిరంగులు తయారయ్యేది ఆ రెండింటితోనే. పొరుగుదేశానికి తెలియకుండా ఆయుధాలు పోగుచేసుకునే వీలే లేకుండా చేయడం ఆయన ఉద్దేశం. మరుసటి ఏడాది పారిస్‌లో ఆరు దేశాలు ఒప్పందంపై సంతకాలు చేశాయి: ఈ రెండింటితో పాటు ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్. 1952లో ఉమ్మడి సంస్థ పని మొదలుపెట్టింది. జాన్ మొనే దానికి తొలి అధ్యక్షుడు. దానికో న్యాయస్థానం కూడా ఉండేది. నా దృష్టిలో అసలు విశేషం ఆ న్యాయస్థానమే. యుద్ధం ముగిసి పట్టుమని పదేళ్లు కాలేదు. అప్పుడే ఓడిన దేశమూ గెలిచిన దేశమూ ఒకే తీర్పుకు తలవంచడానికి ఒప్పుకున్నాయి. నేటి ఐరోపా సమాఖ్యకు పునాది అక్కడ పడింది.

అదే జర్మనీ మరో దిక్కున ఇంకో బంధం కట్టుకుంది. 1970లో పశ్చిమ జర్మనీ, సోవియట్ యూనియన్ ఒక ఒప్పందానికి వచ్చాయి. ఇటునుంచి పెద్ద పెద్ద ఉక్కు పైపులు వెళ్తాయి, అటునుంచి సహజవాయువు వస్తుంది. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్నా వాయువు ఆగలేదు. వ్యాపారం శత్రువును మారుస్తుందన్న వాదానికి అంతకంటే మంచి సాక్ష్యం ఏముంటుందని అందరూ అనుకున్నారు. 2021 నాటికి జర్మనీ దిగుమతి చేసుకునే వాయువులో సగానికి పైగా రష్యాదే. ఏకులా మొదలైనది మేకై కూర్చుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా సరఫరా తగ్గిస్తూ వచ్చింది. ఆగస్టు చివరికి నార్డ్ స్ట్రీమ్ గొట్టపుమార్గంలో ప్రవాహం నిలిచిపోయింది. ఆ డిసెంబరుకల్లా జర్మనీ విల్‌హెల్మ్స్‌హావెన్ రేవులో ద్రవీకృత వాయువు దించుకునే కేంద్రాన్ని సిద్ధం చేసుకోవాల్సి వచ్చింది.

బొగ్గు ఒప్పందంలో తగవు తీర్చే పెద్ద ఉన్నాడు. వాయువు ఒప్పందంలో అమ్మేవాడు, కొనేవాడు తప్ప మూడోవాడు లేడు.

ఆ మూడోవాణ్ని ప్రపంచమంతటికీ తేవాలన్న ప్రయత్నం ఒక చేదు అనుభవం తర్వాత వచ్చింది. 1930లో అమెరికా స్మూట్–హాలీ చట్టంతో దిగుమతి సుంకాలు బాగా పెంచింది. సంతకం చేయవద్దని 1,028 మంది ఆర్థికవేత్తలు అధ్యక్షుడు హూవర్‌ను కోరారు. ఆయన చేశారు. కెనడా వెంటనే ఎదురు సుంకాలు వేసింది, మరికొన్ని దేశాలూ అదే దారి పట్టాయి. మహామాంద్యం ఎటూ ఉంది. కొన్నేళ్లలోనే ప్రపంచ వాణిజ్యం విలువ దాదాపు మూడింట రెండు వంతులు పడిపోయింది. 1934లో విదేశాంగ మంత్రి కార్డెల్ హల్ చొరవతో అమెరికా దారి మార్చుకుంది. సుంకాల బేరం విదేశాంగ శాఖ చేతికి వచ్చింది. 1947లో జెనీవాలో 23 దేశాలు గాట్, అంటే సుంకాలు, వాణిజ్యంపై సాధారణ ఒప్పందం, కుదుర్చుకున్నాయి. ఒక సభ్యదేశానికి ఇచ్చిన సుంకం రాయితీ మిగతా సభ్యదేశాలన్నింటికీ ఇవ్వాలన్నది దాని మూలసూత్రం. 1995లో దాని స్థానంలో ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చింది, తగవులు తీర్చడానికి అప్పీలు వ్యవస్థతో సహా.

అయితే గాట్‌లోని 21వ అధికరణ ఒక తలుపు తెరిచి ఉంచింది. దేశ భద్రత పేరుతో నియమాన్ని పక్కన పెట్టవచ్చు. చాలాకాలం దాని జోలికి పెద్దగా ఎవరూ పోలేదు. ఇప్పుడు అందరికీ అదే దారి. అత్యాధునిక చిప్‌ల తయారీకి కావలసిన లితోగ్రఫీ యంత్రాలను, అంటే చిప్‌పై కాంతితో సర్క్యూట్లు అచ్చువేసే యంత్రాలను, నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ ఒక్కటే చేస్తుంది. వాటిని చైనాకు పంపడానికి నెదర్లాండ్స్ ప్రభుత్వం అనుమతి ఇవ్వడం లేదు, వెనుక అమెరికా ఒత్తిడి ఉంది. కొనేవాడు, అమ్మేవాడు సిద్ధమే. లైసెన్సు కాగితం దగ్గర విదేశాంగ విధానం అడ్డుపడింది.

భద్రత అన్న మాట అనేస్తే సరిపోతుందా? రష్యా, ఉక్రెయిన్‌ల రవాణా వివాదంలో 2019 ఏప్రిల్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ తీర్పరుల బృందం ఆ వాదనను తామూ పరిశీలించవచ్చంది. అమెరికా ఒప్పుకోలేదు. అప్పీలు సంఘంలో కొత్త సభ్యుల నియామకాన్ని అది అప్పటికే అడ్డుకుంటోంది. 2019 డిసెంబరుకల్లా కేసు వినడానికి కావలసిన ముగ్గురు సభ్యులు కూడా లేకుండా పోయారు. ఇప్పుడు ఓడినవారు అప్పీలుకు వెళ్తే చాలు, తీర్పు అటకెక్కుతుంది.

2020లో ఐరోపా సమాఖ్యతో పాటు మరికొన్ని దేశాలు తమలో తాము తాత్కాలిక అప్పీలు ఏర్పాటు చేసుకున్నాయి. చైనా అందులో చేరింది. అమెరికా చేరలేదు, భారత్ కూడా చేరలేదు. ఎందుకు చేరలేదన్న దానిపై మీ ప్రశ్నలుంటే ఇప్పుడు తీసుకుందాం.